మనవాళ్ల ఊరే కదా అని గిబియాలో దిగారు

"అయ్యగారూ, మా అమ్మాయి ఇంటర్వ్యూకి బెంగళూరు వస్తోంది. ఒక్కతే వస్తోంది. మనవాళ్ల లాడ్జి గానీ పీజీ గానీ ఉంటే కాస్త చెప్పండి." బరంపురం నుంచి, షోలాపూర్ నుంచి, యానాం నుంచి, ఏ ఊరి విశ్వాసి ఫోన్ చేసినా మాట ఇదే. చెన్నైలో, ముంబయిలో సేవ చేస్తున్న తోటి పాస్టర్లను అడిగినా ఇదే చెబుతారు. ఉద్యోగం, పరీక్ష, వేలూరు సీఎంసీలో వైద్యం, పుదుచ్చేరిలో కాలేజీ సీటు, ఏదో ఒక పని మీద మన పిల్లలు ఒంటరిగా నగరానికి వస్తున్నారు. యానాం పిల్లకు సొంత కేంద్రపాలిత ప్రాంతపు రాజధానికి వెళ్లాలన్నా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది వాళ్లకు చిన్న ప్రశ్న కాదు.

నాకు ఇబ్బందిగా అనిపించేది ఆ "మనవాళ్లది" అనే మాట.

న్యాయాధిపతులు 19వ అధ్యాయం మన మందిరాల్లో ఎవరూ ప్రసంగించరు. ఆదివారం బడి పిల్లలకు అసలే చెప్పరు. ఎఫ్రాయిము మన్యంలో ఉండే ఒక లేవీయుడు తన ఉపపత్నిని తీసుకెళ్లడానికి బేత్లెహేము వస్తాడు. ఆమె తండ్రి రోజూ ఆపుతూ, ఆపుతూ ఐదో రోజు పొద్దు వాలాక పంపుతాడు. దారిలో యెబూసు పట్టణం వస్తుంది. ఇక్కడ దిగుదామని పనివాడు అంటాడు. అది అన్యుల ఊరు, మనవాళ్ల ఊరికే పోదామని యజమాని గిబియా దాకా నడిపిస్తాడు. చీకటి పడుతుంది. ఊరి వీధిలో కూర్చుంటే ఒక్క ఇల్లూ తలుపు తీయదు. చివరికి రమ్మన్నది ఆ ఊరివాడు కాదు, పొట్టకూటికి అక్కడికి వచ్చి ఉంటున్న ఒక వలస ముసలాయన. ఆ తర్వాత రాత్రంతా జరిగిన ఘోరం మీకు తెలుసు. తెల్లవారేసరికి ఆ స్త్రీ గడప మీద చేతులు చాచి పడి ఉంది.

ఆశ్రయమిచ్చిన ఆ ముసలాయన కూడా మగ అతిథిని కాపాడటానికి ఆడవాళ్లనే బయటికి పంపుతానన్నాడు. ఆమెను బయటికి నెట్టింది ఆమెతో వచ్చినవాడే. ఇదంతా జరిగింది అన్యుల ఊళ్లో కాదు, "మనవాళ్ల" ఊళ్లో.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు వెళితే వీధికి నాలుగు ఆంధ్రా పీజీలు కనిపిస్తాయి. పప్పు, ఆవకాయ దొరుకుతాయి, తెలుగు మాట వినిపిస్తుంది, ఇంటి మీద బెంగ కాస్త తీరుతుంది. అది మంచిదే. కానీ భాష కలిసినంత మాత్రాన తలుపుకు గడియ గట్టిగా ఉన్నట్టు కాదు. పైగా తెలుగువాళ్ల చోటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీరేమిట్లు?" కన్నడ యజమాని, తమిళ యజమాని మన ఇంటిపేరు విని ఏమీ పోల్చుకోలేడు. మనవాడు పోల్చుకుంటాడు. పేరు ఏస్తేరు అని వినగానే గది ఖాళీ లేదనడం, "ప్యూర్ వెజ్" అన్న సాకు పెట్టడం, అడ్వాన్సు తీసుకున్నాక మాట మార్చడం మన సంఘాల పిల్లలు తరచూ చెప్పేవే. ఇలా రెండు మూడు చోట్ల కాదనిపించుకున్న పిల్ల చీకటి పడ్డాక ఎక్కడ దొరికితే అక్కడ దిగుతుంది. ఆమె భద్రతను అక్కడ దెబ్బతీసింది అజాగ్రత్త కాదు, కులం. మనం మాత్రం జాగ్రత్త గురించే ప్రసంగిస్తాం.

2014 జనవరిలో జరిగింది ముంబయి తెలుగు సంఘాలు మరచిపోలేదు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లి తిరిగొచ్చిన మన తెలుగు క్రైస్తవ యువతి ఒకరు తెల్లవారుజామున కుర్లా టెర్మినస్‌లో రైలు దిగారు. తన హాస్టల్‌కు చేరలేదు. పేరు ఇక్కడ రాయను. ఆ కేసులో కింది కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు సమర్థించింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి నిందితుణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. పదకొండేళ్ల తర్వాత కూడా ఆ బిడ్డకు న్యాయం జరిగిందని చెప్పుకోలేం. అప్పట్లో సానుభూతి కూటాలు, కొవ్వొత్తుల ఊరేగింపులు జరిగాయి. వాటి వెనకే, మన మధ్యనే, "ఆ వేళప్పుడు ఒక్కతే ఎందుకు బయల్దేరింది?" అన్న గుసగుస కూడా నడిచింది. గిబియా మనుషులను వదిలేసి ఆ స్త్రీని ప్రశ్నించినట్టే ఇది.

అయితే ఆ ఘటనలో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆమె దిగాల్సిన హాస్టల్ మంచిదే. ప్రమాదం స్టేషన్‌కూ హాస్టల్‌కూ మధ్య జరిగింది. బస వెతికేటప్పుడు మనం గది అద్దె చూస్తాం, ఫొటోలు చూస్తాం, చేరే వేళను మాత్రం చూడం. తెల్లవారుజామున మూడింటికి దింపే రైలు కంటే ఉదయం ఏడింటికి దింపేది మేలు, బెర్తు దొరకడం కష్టమైనా సరే. తప్పకపోతే వెలుగు వచ్చేదాకా స్టేషన్‌లోని మహిళల వెయిటింగ్ హాల్లోనే కూర్చోవాలి. కన్ఫర్మ్ అయిన టికెట్ ఉంటే పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూమ్ ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతే తెలియదు. రైల్లో గానీ స్టేషన్‌లో గానీ ఇబ్బంది ఎదురైతే 139, బయట ఎక్కడైనా 112, మహిళలకు 181. ఇవి ఫోన్‌లో ఉంటే చాలదు, నోటికి రావాలి. ఫోనే పోయిన రోజు ఉంటుంది కదా.

"తక్కువలో మంచి రూమ్ చూపిస్తాను రండి" అంటూ స్టేషన్ బయట వెంటపడే మనిషితో వెళ్లొద్దు. కాట్పాడిలో దిగి వేలూరు వెళ్లే రోగుల బంధువులకు ఇది మరీ ముఖ్యం. ఆసుపత్రి ఆందోళనలో ఉన్నవాళ్లు ఎవరేం చెప్పినా నమ్ముతారు. ఆ దళారి కమీషన్ చివరికి మీ గది అద్దెలోనే కలుస్తుంది.

యాప్‌లో బుక్ చేస్తే పని అయిపోయిందనుకోవద్దు. డబ్బు కట్టాక రిసెప్షన్‌లో "సింగిల్ లేడీకి రూమ్ ఇవ్వం" అనే లాడ్జిలు ఉన్నాయి. అందుకే బయల్దేరే ముందు నేరుగా ఆ లాడ్జికే ఫోన్ చేసి అడగాలి: ఒంటరి మహిళకు ఇస్తారా, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడా? ఆ మనిషి మాట తీరులోనే సగం తెలిసిపోతుంది. రివ్యూల్లో ఐదు నక్షత్రాల పొగడ్తలు వదిలేసి, ఈమధ్య ఆడవాళ్లు రాసిన ఫిర్యాదులు చదవండి. గుర్తింపు కార్డుగా ఇవ్వడానికి మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. గది నంబరు పైకి అరిచి చెబితే, వేరే గది ఇమ్మనడానికి మొహమాటపడకండి. లోపలి గడియ, బాత్రూమ్ కిటికీ, పక్క గదిలోకి తెరుచుకునే తలుపు ఏదైనా ఉందా అన్నది సామాను విప్పక ముందే చూసుకోవాలి. మంచం వైపు తిరిగి ఉన్న గడియారం, ఛార్జర్ లాంటివి అనుమానంగా ఉంటే వాటి మీద ఒక గుడ్డ వేస్తే చాలు. అర్ధరాత్రి తలుపు కొట్టి "రూమ్ సర్వీస్" అంటే, తలుపు తీయకుండా ముందు రిసెప్షన్‌కు ఫోన్ చేయాలి.

మెట్ల సంగతి మగపిల్లలకు కూడా చెబుతున్నాను. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు పాకి ఎనిమిది మంది చనిపోయారు. పని మీద వేరే ఊళ్ల నుంచి వచ్చి ఆ రాత్రికి దిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. కింద ఏముంది, దిగడానికి రెండో దారి ఉందా అని చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. కిటికీలన్నింటికీ ఇనుప గ్రిల్లు వేసి ఒక్కటే మెట్లదారి ఉంచిన భవనాన్ని "సేఫ్" అని మెచ్చుకునే అలవాటు మనకుంది. రాత్రి తొమ్మిదింటికి బయటి నుంచి తాళం వేసే లేడీస్ హాస్టళ్లను తల్లిదండ్రులు ఇంకా ఎక్కువ మెచ్చుకుంటారు. నిప్పు అంటుకుంటే ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ఒక్కరూ అడగరు.

2024 జూలైలో కోరమంగలలోని ఒక మహిళల పీజీలోకి రాత్రివేళ ఒకడు చొరబడి అక్కడ ఉంటున్న యువతిని చంపాడు. కెమెరా ఉంది. అది హత్యను రికార్డు చేసింది, ఆపలేదు. ఆ తర్వాత బెంగళూరు నగరపాలిక పీజీలకు నిబంధనలు పెట్టింది: మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, కెమెరాలు, 24 గంటల కాపలా మనిషి. తమిళనాడులో మహిళల హాస్టళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసే చట్టం 2014 నుంచే ఉంది. లైసెన్సు చూపించమని అడిగే హక్కు మీకుంది. గదిలో ఆరు మంచాలు వేసి అద్దె దండుకునే యజమానికి ఆ ప్రశ్న నచ్చకపోవచ్చు. నచ్చకపోతేనే మీకు జవాబు దొరికినట్టు.

ఇక కులమో మతమో చూసి హోటల్‌లో గది కాదంటే అది యజమాని ఇష్టాయిష్టాల సంగతి కాదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు హోటళ్ల ప్రవేశాన్ని పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఆపకూడదంటుంది. ఆ రాత్రికి అక్కడ పోట్లాడమని ఒంటరి పిల్లకు నేను చెప్పను. ముందు భద్రమైన చోటికి చేరాలి. తేదీ, వేళ, అన్న మాటలు రాసిపెట్టుకోవాలి. తర్వాత మన సంఘంలాంటి సంస్థలు ఫిర్యాదు నడపాలి. నేరం జరిగితే ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. "అది మా పరిధి కాదు" అంటే నమ్మి వెనక్కి రావద్దు.

ఇంతకీ సంఘం ఏం చేస్తోంది? పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం ఒక ఒంటరి ప్రయాణికురాలి పేరుతో మొదలవుతుంది. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే రోముకు వస్తోంది, చేర్చుకోండి, ఆమెకు ఏది అవసరమైతే అందులో సాయపడండి అని ఆయన కోరాడు. ఆమె ఎందుకు ఒక్కతే వస్తోందని ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. 1844లో లండన్‌లో బట్టల కొట్లలో పనికి వచ్చిన కుర్రాళ్ల అవస్థ చూసి వైఎంసీఏ పుట్టింది. 1855లో వైడబ్ల్యూసీఏ వచ్చింది. 1890 నాటికి మద్రాసులో వైఎంసీఏ ఉంది. నగరానికి ఒంటరిగా వచ్చినవాళ్లకు నమ్మకమైన మంచం ఇవ్వడం సువార్త పనే అని మన ముందుతరాలవారు గ్రహించారు. ఇవాళ ఆ అతిథిగృహాలు చాలా పట్టణాల్లో ఉన్నాయి గానీ గదులు తక్కువ, ముందుగా రాయించుకోకపోతే దొరకవు.

మన తెలుగు మందిరాలు మాత్రం వారానికి ఆరు రాత్రులు తాళం వేసి ఉంటాయి. షూనేము ఊరి స్త్రీ ఎలీషా కోసం మిద్దె మీద కట్టించిన గదిలో ఉన్నవి మంచం, బల్ల, పీట, దీపం. మనకు అంతకంటే ఎక్కువే ఉన్నాయి, సౌండ్ సిస్టమ్‌తో సహా.

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. మందిరంలో ఏదైనా జరిగితే? జరగొచ్చు. గిబియా మన లోపల కూడా ఉంది. సంఘ పెద్ద మీద, పాస్టరు మీద వచ్చిన ఫిర్యాదులను ఎన్నిచోట్ల "మనలో మనం" అంటూ ముగించలేదు? అందుకే నా మాట ఇది: ఒంటరి అమ్మాయికి బస అంటే పాస్టరు ఇంట్లో గది కాదు. మందిరానికి ఆనుకుని విడిగా గది, లోపలి నుంచి గడియ, విడి బాత్రూమ్. తాళం చెవులు ఇద్దరు స్త్రీల దగ్గర, పాస్టరు దగ్గర కాదు. వచ్చినవాళ్ల పేరు రాసే పుస్తకంలో కులం గడి, మతం గడి ఉండకూడదు. గోడ మీద 112, 181, దగ్గరి పోలీస్ స్టేషన్ నంబరు. ఫిర్యాదు వస్తే అది పెద్దల కమిటీకి కాదు, పోలీసులకు వెళుతుంది అని కూడా అక్కడే తెలుగులోనూ ఆ ఊరి భాషలోనూ రాసి ఉండాలి. బరంపురం పాప బెంగళూరులో, బెంగళూరు పాప ముంబయిలో దిగినప్పుడు స్టేషన్‌కు వెళ్లి తీసుకొచ్చేందుకు ప్రతి పట్టణంలో నలుగురు స్త్రీల పేర్లున్న ఒక జాబితా చాలు. దానికి భవనం కూడా అక్కర్లేదు.

మా సంఘ కమిటీలో ఈ ప్రతిపాదన రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి క్రిస్మస్ అలంకరణ ఖర్చు తేలలేదని, రెండోసారి గది ఇస్తే "ఎవరెవరో వస్తారు" అని. వచ్చే నెల సమావేశంలో మళ్లీ పెడుతున్నాను. ఈసారి స్త్రీల సమాజం సంతకాలతో.