వదులుకున్న చోటే మన పేరు

నాన్న షష్టిపూర్తికి వంశచరిత్ర పుస్తకం వేద్దామన్నాడు తమ్ముడు. సాహిత్యంలో డాక్టరేటు చేసింది నేను కాబట్టి రాసే పని నా మీద పడింది. బాబాయి ఇచ్చిన వంశవృక్షంలో ఐదు తరాలున్నాయి. ముప్ఫై ఒక్క పేర్లు. ఒక్క ఆడపేరు లేదు.

మాది నెల్లూరు జిల్లాలో ఓ పల్లె. తహసీల్దారు ఆఫీసులో పాత అడంగళ్ళు తిరగేశాను. పట్టాదారు, అనుభవదారు... గళ్ళ నిండా తాతలే. శిస్తు ఎవరు కట్టాలో తెలుసుకోవడానికి పెట్టిన లెక్క అది. నాట్లేసిందెవరో, కలుపు తీసిందెవరో దానికి అక్కర్లేదు.

ఇక్కడితో ఆగి ‘రికార్డుల్లో స్త్రీల మౌనం’ అని ఓ పేపరు రాసెయ్యొచ్చు. మన సెమినార్లలో ఇలాంటివి ఎన్ని వినలేదు! నేనూ చదివాను. ఇప్పుడా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘మౌనం’ అనేస్తే మనకి వెతికే శ్రమ తప్పుతుంది, కుటుంబాలకి జవాబు చెప్పే బాధ తప్పుతుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులకి రెండు ఇండెక్సులుంటాయి. ఒకటి ఆస్తుల వారీగా, ఇంకోటి దస్తావేజు రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లతో. రుసుం కట్టి ఆ పేర్ల ఇండెక్సు ముందు కూర్చుంటే మా ఇంటి ఆడవాళ్ళు ఒక్కొక్కరే కనిపించారు. అందరూ రాసిచ్చినవాళ్ళే.

1956లో వారసత్వ చట్టం వచ్చింది. 1958లో తాతయ్య చెల్లెలు, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సింది ఇచ్చేశారని, తండ్రి ఆస్తిలో తనకిక హక్కు లేదని బొటనవేలి నిశానీ వేసింది. 1985 సవరణ రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 1987లో, పెళ్ళికి వారం ముందు, చిన్నత్త సంతకం. 2005 సవరణతో పెళ్ళయినవాళ్ళకీ హక్కొచ్చింది. 2007లో పెద్దత్త సంతకం. చట్టం వచ్చిన ప్రతిసారీ రెండేళ్ళు తిరిగేసరికి మా ఇంట్లో ఓ హక్కు విడుదల దస్తావేజు పుట్టింది. మా మగవాళ్ళకి స్త్రీల చట్టాలు తెలియవని ఎవరనగలరు?

నాలుగో దస్తావేజు నాది. పెళ్ళయిన ఏడాదికి, ‘ప్రేమాభిమానాల చేత’ అన్న వాక్యం కింద నా సంతకం. అప్పటికే స్త్రీల ఆస్తి హక్కుల మీద పాఠాలు చెబుతున్నాను.

వదులుకోనివాళ్ళూ రికార్డుల్లో ఉన్నారు. మా జిల్లా తులసమ్మే చూడండి. 1931లో భర్త పోయాడు. 1944లో ఆయన సవతి సోదరుడి మీద మనోవర్తి దావా వేసింది. 1949 రాజీలో కొంత ఆస్తి వచ్చింది, అదీ బతికున్నంతకాలం అనుభవించడానికే. దాని మీద ఆమెకి సంపూర్ణ హక్కుందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1977 అయింది. ఆ తీర్పు ఎందరో విధవలకి ఆధారమైంది. న్యాయశాస్త్రం చదివేవాళ్ళందరికీ ఆమె పేరు తెలుసు. మన సాహిత్య చరిత్రకారులకి తెలుసా?

పుస్తకం రాస్తానని తమ్ముడితో చెప్పాను. కానీ నాలుగు దస్తావేజులూ సర్వే నంబర్లతో, సెంట్లతో సహా అచ్చెయ్యాలన్నాను. “శుభమా అని షష్టిపూర్తి చేసుకుంటుంటే ఈ గొడవలెందుకక్కా?” అన్నాడు. అలాగైతే ముప్ఫై ఒక్క పేర్ల పుస్తకానికి నేను అక్కర్లేదు, ఆ కాగితం బాబాయి దగ్గర ఉండనే ఉంది.

మీరూ ఓ పూట మీ ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళండి. ముందు మీ అత్తల పేర్లు వెతకండి. తర్వాత మీ పేరు.