అడవి చదువు - అప్పు లెక్క



పోయిన నెలలో మన వాడకు చెందిన ఒక తండ్రి కాగితముల కట్టతో నా దుకాణమునకు వచ్చెను. ఆయన కుమార్తె సైన్సుతో పన్నెండవ తరగతి మంచి మార్కులతో ముగించినది. అడవులను, వన్యప్రాణులను సంరక్షించు విద్య నేర్వవలెనని ఆమె కోరిక. దూరపు పట్టణమునందలి ఒక ప్రయివేటు సంస్థలో సీటు దొరికినది. ఫీజు, వసతి కలిపి ఎనిమిది లక్షల అప్పు కావలెను. ఇల్లు తాకట్టు పెట్టుటకు తండ్రి సిద్ధముగా నున్నాడు. "పెట్టమంటావా అన్నా, వద్దంటావా?" అని నన్నడిగెను. ఈ ప్రశ్న రేపు మరొక యింట పుట్టవచ్చును గనుక, నా సమాధానమును అందరి యెదుటను ఉంచుచున్నాను.

మొదట ఒక మాట. ఆ పిల్ల కోరికను నవ్వులాటగా ఎంచరాదు. మన ఊరు టేకు, తునికాకు, ఇప్పపువ్వు, పెన్‌గంగ నీరు, వీనిపై బ్రతికిన ఊరు. 2019లో యవత్మాల్ జిల్లా టిపేశ్వర్ అభయారణ్యమునుండి బయలుదేరిన ఒక పులి 1,300 కిలోమీటర్లకు పైగా నడచి బుల్ధాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యమును చేరెను. దాని మెడకు రేడియో పట్టీ కట్టి, దాని బాటను గుర్తించినవారు ఈ విద్య నేర్చినవారే. అట్టి పని మన పిల్లలు చేయుట గౌరవమే.

కాని గౌరవము వేరు, కిస్తు వేరు. నేను మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. అయినను వడ్డీ లెక్క నాకు తెలియును. ఎనిమిది లక్షలు, నూటికి పది వడ్డీ, పది సంవత్సరముల గడువు అనుకొన్నచో నెలకు 10,572 రూపాయలు కట్టవలెను. మొత్తము 12,68,000 పైచిలుకు. చదువుకాలమున పెరుగు వడ్డీ దీనిలో చేరలేదు.

ఇక రాబడి. స్వచ్ఛంద సంస్థలలో ఈ రంగపు తొలి ఉద్యోగములు చాలవరకు ప్రాజెక్టులకు కట్టుబడినవి. ప్రాజెక్టు ముగిసిన నాడు జీతమును ముగియును. నెలకు 25,000 వచ్చినను, కిస్తు పోగా మిగులునది 14,428. పై డిగ్రీ ముగించి జాతీయ పరీక్షలలో నెగ్గిన పరిశోధకులకు కేంద్ర ప్రభుత్వము 2023 నుండి నెలకు 37,000 నిర్ణయించినది. భారత అటవీ సేవలో చేరువారికి 2016 నాటి వేతన సవరణలో మూలవేతనము 56,100 అయినది. కాని ఆ పోటీలో నెగ్గువారు కొద్దిమంది.

కిస్తు తొలి జీతములో ఐదవ వంతుకు మించరాదనునది నా వ్యాపారపు సూత్రము. ఆ లెక్కన ఈ పిల్లకు తొలి నెలనుండియే 53,000 రావలెను. కేవలము అదృష్టముపై ఇల్లు తాకట్టు పెట్టవచ్చునా?

అట్లని చదువు మానుమనుట లేదు, అప్పును తగ్గింపుమనుచున్నాను. మన రాష్ట్రమున అకోలా, దాపోలీ వ్యవసాయ విశ్వవిద్యాలయముల అటవీ కళాశాలలలో నాలుగేండ్ల డిగ్రీ కలదు. ఆ డిగ్రీతో రాష్ట్ర, కేంద్ర అటవీ సేవల పరీక్షలకు కూర్చుండవచ్చును. ఇతర వెనుకబడిన తరగతుల, ఆర్థికముగా వెనుకబడిన వర్గముల కుమార్తెలకు, కుటుంబ ఆదాయము ఎనిమిది లక్షలకు మించనిచో, వృత్తివిద్యలలో బోధనా రుసుమును మహారాష్ట్ర ప్రభుత్వము 2024-25 నుండి మాఫీ చేసినది. ఆ పిల్ల రాష్ట్ర ప్రవేశపరీక్ష వ్రాసియే యున్నది. ఈ కళాశాలల పేర్లు మాత్రము ఆ యింట ఎవరును విని యుండలేదు!

తెలంగాణలో ములుగు అటవీ కళాశాల ఉన్నది గదా యని కొందరందురు. 1956లో కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లానుండి విడిపోయి ఇటు చేరెను. నాటినుండి ఇంట తెలుగు మాటలాడినను, అక్కడి సీట్ల లెక్కలో మన పిల్లలు సాధారణముగా స్థానికులు కారు. ఇక్కడి కొలువులకు మరాఠీ కావలెను. అది మన పిల్లలకు బడిలోనే అబ్బినది. కావున ముందు ఇచటి ద్వారమునే తట్టుట మేలు.

అప్పు తప్పదన్నచో, బ్యాంకుల ఆదర్శ పథకమున ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అడుగరు. ఆ హద్దు దాటకుండుట మంచిది. 2024లో వచ్చిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకపు జాబితాలో ఆ సంస్థ ఉన్నదో లేదో కూడ చూడవలెను. ఉన్నచో తాకట్టు అవసరము లేదు.

"పిల్ల మనసు విరిచితివి" అని నన్ను నిందించువారు ఉండవచ్చును. పది సంవత్సరములు కిస్తు కట్టలేక, నచ్చిన పని విడిచి ఏదో ఒక కొలువున కూర్చుండుటయే అసలైన మనసు విరుగుట. అప్పు లేని పిల్ల తక్కువ జీతమునకైనను అడవిలో నిలువగలదు.

మన సంఘమునకు నా విన్నపము ఒక్కటే. ప్రతి సంవత్సరము పన్నెండవ తరగతి పరీక్షలకు ముందే తల్లిదండ్రులను, పిల్లలను ఒక సాయంకాలము కూర్చుండబెట్టి కళాశాలల పేర్లు, రుసుములు, ఆదాయ, కుల ధ్రువపత్రముల గడువులు చెప్పవలెను. ఆ సభకు చోటును, తేనీటి ఖర్చును నేను భరింతును. ఆ తండ్రికి చెప్పినదే అందరికిని చెప్పుచున్నాను: సంతకము చేయుటకు ముందు లెక్క వ్రాయుడు, ఆ లెక్క పిల్లల చేతనే వ్రాయింపుడు.