మడత తుపాకి ముందు తక్కినవన్నీ ఆర్భాటమే

గాలి తుపాకులలో ఏది మేలైనదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పే సమాధానం ఒక్కటే: గొట్టాన్ని మడిచి ఎక్కుపెట్టేది. ఆంగ్లంలో దానిని బ్రేక్ బ్యారెల్ అంటారు. మడత మంచమూ మడత కుర్చీ ఉన్న భాషలో మడత తుపాకి ఉండటానికి వ్యాకరణం అడ్డు చెప్పదు కనుక ఈ టపా పొడుగునా నేను ఆ మాటనే వాడతాను.

తెలుగు పండితునికి తుపాకుల గొడవ ఎందుకని మిత్రులకు సందేహం కలగవచ్చు. ఉద్యోగంలో ఉన్నంతకాలం పిల్లలకు ఛందస్సు చెప్పాను. పదవీ విరమణ తరువాత, ఆదివారం ఉదయం పూట మా వీధి పిల్లలు కొందరికి పది మీటర్ల దూరాన కాగితం మీద గురి నేర్పుతున్నాను. రెండు చోట్లా నేర్పవలసినది ఒకటే, తొందరపడకపోవడం. ఈ కారణాన కొడుక్కో మనుమడికో మొదటి గాలి తుపాకి కొనదలచినవారు నన్ను సలహా అడుగుతుంటారు. నేను మడత తుపాకి అనగానే "అది మరీ పాతకాలపుది కదా మాస్టారూ, పీసీపీ కొందామనుకుంటున్నాం" అని పెదవి విరుస్తారు. ఆ విరుపుకే ఈ సమాధానం.

ముందుగా వస్తుస్వరూపం తెలుసుకుందాం. మడత తుపాకిలో గొట్టమే మీట. దానిని కిందికి మడిస్తే లోపలి పిస్టను వెనక్కు జరిగి, బలమైన స్ప్రింగు నొక్కుకుపోయి, ఒక కొక్కేనికి తగులుకుంటుంది. తెరుచుకున్న గొట్టం మొదట్లో ఒక సీసపు గుళికను వేలితో కూర్చి, గొట్టాన్ని మళ్ళీ మూస్తాము. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు పిస్టనును ముందుకు తోస్తుంది. పిస్టను ముందున్న గాలి రెప్పపాటు కంటె తక్కువ కాలంలో నలిగి, వేడెక్కి, గుళికను తరుముతుంది. ఇంతే. నిలవ చేసిన గాలి లేదు, సిలిండరు లేదు, వేరే పంపు లేదు. ప్రతి దెబ్బకూ కావలసిన శక్తి అప్పటికప్పుడు కాల్చేవాని భుజం నుండి రావాలి. "ఎక్కుపెట్టు" అనే క్రియ మనకు విల్లు నుండి వచ్చింది. ఆ మాట నిజార్థంలో చెల్లేది ఈ జాతి తుపాకులకే.

పీసీపీ సంగతి వేరు. అందులో గాలిని ముందే ఒక తిత్తిలో దట్టించి ఉంచుతారు. మన స్కూటరు టైరులో సుమారు రెండు బార్ల గాలి ఉంటే, ఆ తిత్తిలో 200 బార్లు, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. దానిని నింపడానికి ప్రత్యేకమైన పంపో, కంప్రెసరో, నీటిలో మునిగేవారు వాడే సిలిండరో కావాలి. రబ్బరు వలయాలలో ఒక్కటి అరిగినా రాత్రికి రాత్రి గాలి కారిపోతుంది. తుపాకి ఒకటి కొన్నామనుకుంటాము గాని, కొన్నది ఒక చిన్న వర్కుషాపు.

ఇక పూర్వపక్షాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, మడత తుపాకి పాతది, పీసీపీ కొత్తది అనే మాట. చరిత్ర దీనికి సరిగా ఎదురు. గాలిని ముందే నింపి ఉంచే పద్ధతియే వయసులో పెద్దది. జిరాండోని అనే ఆయన రూపొందించిన అటువంటి తుపాకిని 18వ శతాబ్ది చివర ఆస్ట్రియా సైన్యం వాడింది. ఒకసారి నింపితే ఇరవైకి పైగా దెబ్బలు కాల్చేది. కాని తిత్తిని నింపడానికి సుమారు పదిహేను వందల సార్లు పంపు కొట్టవలసి వచ్చేది. తోలు వాషర్లు ఎండితే గాలి నిలిచేది కాదు. ఆ సేవలు చేయలేక చివరకు సైన్యమే దానిని వదులుకుంది. స్ప్రింగు పిస్టనుతో నడిచే మడత తుపాకి ప్రచారంలోకి వచ్చింది అటు తరువాత దాదాపు నూరేళ్ళకు. కాబట్టి కొత్తదే గొప్ప అనేవారు సైతం నా పక్షానికే రావాలి!

రెండవది శక్తి. పీసీపీ బలమైనదని అంటారు, నిజమే. కాని 2016 ఆయుధ నిబంధనల ప్రకారం మన దేశంలో గొట్టం 4.5 మిల్లీమీటర్లకూ, శక్తి 20 జౌళ్ళకూ మించితే లైసెన్సు కావాలి. అర గ్రాము గుళిక సెకనుకు 280 మీటర్ల వేగంతో పోతే ఆ హద్దుకు చేరినట్లే. ఆ దాపుకు మడత తుపాకి కూడా వెళ్ళగలదు. ఆ పైన వాడుకోలేని బలం కోసం అంత డబ్బు పోయడమెందుకు? పైగా పది మీటర్ల దూరాన కాగితానికి చిల్లు పెట్టడానికి ఏడెనిమిది జౌళ్ళు చాలు. అంతకు మించి కావాలనేవారు ఏమి కొట్టదలచారో ముందు చెప్పాలి.

మూడవది ఒలింపిక్సు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 లాస్ ఏంజెలెస్ నుండి ఒలింపిక్సులో ఉంది. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండనులో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది ఈ పోటీలోనే. వారి చేతిలోనివి నింపుడు గాలి తుపాకులే కదా అని నన్ను నిలదీస్తారు. ఔను. అర మిల్లీమీటరు చుక్కను కొట్టవలసిన వానికి అవి కావాలి. కాని ఆ పోటీ తుపాకిలో ఒక్కొక్క గుళికనే చేతితో కూర్చి కాల్చాలి. బజారులో మన పిల్లవాణ్ణి ఆకర్షించేది ఆ నిగ్రహం కాదు, పది గుళికలు పట్టే మ్యాగజైను. ఛాంపియన్ల పేరు చెప్పి కొనేది ఛాంపియన్లు వాడని సరుకు.

నాల్గవది కుదుపు. ఇది బలమైన ఆక్షేపణ, దీనిని దాటవేయను. మడత తుపాకి రెండుసార్లు కుదుపుతుంది. పిస్టను ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనక్కు, పిస్టను గాలిదిండు మీద ఆగేటప్పుడు తుపాకి ముందుకు. ఈ సందడిలో గుళిక ఇంకా గొట్టంలోనే ఉంటుంది. తుపాకిని గట్టిగా బిగించి పట్టుకున్నవాని గురి చెదిరిపోతుంది. అరచేతిలో తేలికగా ఆనించి, దాని కుదుపును దానికి వదిలి, గుళిక కాగితాన్ని తాకేదాకా చూపు కదల్చనివానికి గుళికలు ఒకదాని పక్కన ఒకటి పడతాయి. ఈ తప్పు పట్టును పీసీపీ కప్పిపుచ్చుతుంది, మడత తుపాకి బయటపెడుతుంది. యతిభంగాన్ని క్షమించే గురువు వద్ద పద్యం వస్తుందా? తొలి పాఠానికి కఠినమైన గురువే కావాలి. ఇక కుదుపు ఈ తుపాకి నొసట రాసిన రాత కూడా కాదు. జర్మనీలో డయానా కంపెనీ వారు 1960లలోనే ఎదురెదురుగా కదిలే రెండు పిస్టనులతో కుదుపు లేని మడత తుపాకిని పోటీల కోసం చేసి చూపించారు.

అయిదవది, మడిచే గొట్టం కాలక్రమాన వాలిపోతుందని. చాలా మడత తుపాకులలో ముందరి సైటే కాదు, వెనుకటి సైటు కూడా గొట్టానికి అంటి ఉన్న దిమ్మె మీదనే ఉంటుంది. గొట్టం వెంట్రుకవాసి వాలినా రెండు సైట్లూ దానితోపాటే వాలుతాయి, గురి తప్పదు. వాలు కనబడేది వెనుక గొట్టం మీద దుర్భిణి బిగించినప్పుడు. పది మీటర్ల దూరానికి దుర్భిణి తగిలించి, ఆ తరువాత గొట్టాన్ని తప్పుపట్టడం న్యాయమా?

తక్కిన రకాల గురించి క్లుప్తంగా. కార్బన్ డయాక్సైడు తుపాకి పన్నెండు గ్రాముల చిన్న సిలిండరుతో నడుస్తుంది. దాని ఒత్తిడి వాతావరణాన్ని బట్టి మారుతుంది. 20 డిగ్రీల వద్ద సుమారు 57 బార్లు ఉండేది 30 డిగ్రీలకే 70 దాటుతుంది. నలభై దాటే మన వేసవిలో దాని తీరు ఏమిటో ఊహించుకోండి. గబగబా కాలిస్తే చల్లబడి నీరసిస్తుంది. అమెరికాలో ప్రసిద్ధమైన పలుదంపుల తుపాకి ఇంకొక రకం. మూడు దంపులకు ఒక వేగం, పది దంపులకు మరొక వేగం. లెక్క తప్పితే గురి తప్పుతుంది. గొట్టం కదలకుండా కింద వేరే మీట ఉండే తుపాకి మాత్రం మడత తుపాకికి అసలైన దాయాది. గొట్టం స్థిరం కనుక గురిలో దానిది కొంత పైచేయి అని ఒప్పుకుంటాను. కాని బరువెక్కువ. పైగా కొన్నింటిలో పిస్టను గది ద్వారంలోకే వేలు పెట్టి గుళికను కూర్చాలి. కొక్కెం జారితే ఆ వేలి గతి చెప్పనక్కరలేదు.

మడత తుపాకి ఓర్పుకు సాక్ష్యం కావాలంటే తిరునాళ్ళకు వెళ్ళండి, విశాఖ బీచికి వెళ్ళండి. బుడగలు పేల్చే దుకాణంవాని చేతిలో ఏమున్నది? పెయింటు పోయిన మడత తుపాకి. సాయంత్రం మొదలుకొని రాత్రిదాకా ఎవరెవరో మడిచి, ఎవరెవరో కాల్చి, మళ్ళీ రేపటికి సిద్ధం. దానికి కావలసినది గుళికల డబ్బా ఒకటే. దానితో పొట్ట పోసుకునేవాడు ఎన్నుకున్న వస్తువును పాతదని ఈసడించే ముందు కొంచెం ఆలోచించాలి.

ఇప్పుడు అసలు విషయం. గొట్టం మడిచి ఉన్న తుపాకి గుళికను కాల్చలేదు. ఆ సంగతి వరుసలో నిలుచున్న ప్రతి పిల్లవానికీ పది అడుగుల దూరం నుండి కంటికి కనబడుతుంది. మా దగ్గర మొదటి నియమం అదే: తన వంతు వచ్చేదాకా, ఎక్కుపెట్టకుండా, గొట్టం సగం వాల్చి పట్టుకోవాలి. గొట్టంలోంచి వెలుతురు కనబడితే గుళిక లేనట్టు. రెండవ నియమం, గుళిక కూర్చేటప్పుడు ఒక చేయి గొట్టాన్ని వదలరాదు, వేలు ట్రిగ్గరు వైపు పోరాదు. ఎక్కుపెట్టిన స్ప్రింగు తెరిచిన గొట్టాన్ని చివ్వున లేపితే వేళ్ళు విరుగుతాయి. పీసీపీ లోపలి గాలిని కన్ను చూడలేదు. మ్యాగజైనులో మిగిలిన గుళికను చూడాలంటే తీసి చూడాలి. పిల్లల మధ్య నాకు కావలసినది తన స్థితిని దాచుకోని తుపాకి.

మన ఊళ్ళలో గాలి తుపాకికి "పిట్టల తుపాకి" అనే పేరున్నది. ఆ పేరు మనకు సిగ్గుచేటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గువ్వను, చిలుకను, కొంగను కొట్టడం నేరం. 2021లో అరుణాచల్ ప్రదేశ్‌లో గాలి తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించే ఉద్యమం మొదలైతే గ్రామస్థులు వందల కొద్దీ తెచ్చి ఇచ్చారు. అడవిలో పిట్టల కూత తగ్గిపోవడమే కారణం. మడత తుపాకి పిట్టను చంపదా అంటే, చంపుతుంది. ఏ తుపాకీ సాధువు కాదు. కాని ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ నడుమ అది విరామం పెడుతుంది. దించాలి, మడవాలి, గుళిక వెతకాలి, కూర్చాలి, మూయాలి. ఆ అర నిమిషంలో పన్నెండేళ్ళవానికి బుద్ధి మేల్కొనే అవకాశం ఉంది. మ్యాగజైను ఆ అర నిమిషాన్ని దొంగిలిస్తుంది. మరచిపోకండి, అది ఎక్కువ ధర ఇచ్చి కొనుక్కునే దొంగతనం.

కాబట్టి తల్లిదండ్రులకు నా మాట. కొనదలిస్తే బలం తక్కువదైన, పిల్లవాని చేతికి మడతపడే మడత తుపాకి కొనండి. దానితోపాటు గుళికలు ఆపే ఇసుకపెట్టె, కళ్ళద్దాలు, కాగితపు గురులు కొనండి. పక్కన పెద్దవారు కూర్చోండి. కూర్చునే తీరిక లేకపోతే ఏ తుపాకీ కొనవద్దు.

పీసీపీ పక్షాన వాదించదలచిన మిత్రులకు స్వాగతం. అయితే వేగం, బలం, మ్యాగజైను అనే మూడు మాటలు వాడకుండా వాదించండి. ఆ తరువాత ఏమి మిగులుతుందో ఇద్దరం కలిసి చూద్దాం.

స్వస్తి.