ఫిర్యాదా? రాజీనామానా?

కొలువు చేసే చోట తెలుగువాళ్ళ నోట వినబడే మాటలు వరసగా చెప్పుకుందాం: నౌకరీ, హాజరు, దరఖాస్తు, జవాబు, ఫిర్యాదు, రాజీ, రాజీనామా. అన్నీ అరబీ, పారశీకాల నుంచి కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చినవే. ఎక్కణ్ణుంచి వచ్చావని వాటిని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మా కోసం దాచిపెట్టారు.

వీటిలో రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫిర్యాదు అంటే అసలు అర్థం మొర, కేక. రాజీనామా అంటే ఉర్దూలో ఇరుపక్షాలూ ఒప్పుకున్నామని రాసుకునే కాగితం. తెలుగులోకి వచ్చాక అది ఉద్యోగం వదులుకునే కాగితమయింది. పై అధికారి నలుగురిలో అవమానిస్తుంటే కేక పెట్టలేకపోయిన ముస్లిం చివరికి రాసిచ్చేది ఈ రెండో కాగితమే. 'సొంత కారణాల వల్ల' అని రాస్తాడు. ఒప్పుకోనిదానికి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టి వచ్చేస్తాడు. ఆ సొంత కారణాలేమిటో ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ముందు మొయినాబాద్, తర్వాత చేవెళ్ళ. పాత మర్రిచెట్ల రోడ్డు. అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీలు, ఫామ్‌హౌసులు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్ళు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నీళ్ళు పాడు కాకూడదని 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. 84 ఊళ్ళల్లో కాలుష్య పరిశ్రమలు వద్దంది. నీళ్ళకు అది మంచిదే. ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామని 2022లో ఇంకో జీవో వచ్చేనాటికి పాతికేళ్ళు గడిచాయి. ఆ పాతికేళ్ళలో ఇక్కడి బతుకుతెరువు ఒక రూపానికొచ్చింది. వందలమంది ఒకే షెడ్డులో పనిచేసే ఫ్యాక్టరీ లేదు. కాబట్టి గేటు దగ్గర మీటింగ్ పెట్టే యూనియన్ లేదు. ఒక గేటుకు ఒక వాచ్‌మన్, ఒక బస్సుకు ఒక డ్రైవర్, ఒక ల్యాబుకు ఒక అసిస్టెంటు, ఒక వంటశాలకు నలుగురు. అందరూ ఒంటరివాళ్ళే. ఒంటరి మనిషిని వేధించడం సులువు.

ఈ రోడ్డు మీద ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసే కుర్రాడొకడు నాకు తెలుసు. కాలేజీ పేరు చెప్పను, అతని పేరూ చెప్పను. వాళ్ళ హెడ్డు అతన్ని పేరు పెట్టి పిలవడు. 'నవాబ్ సాబ్' అంటాడు. పది నిమిషాలు ఆలస్యమయితే 'గుర్రం దొరకలేదా నవాబ్ సాబ్?' అని పిల్లల ముందే అడుగుతాడు. స్టాకు లెక్క చూసే పని ప్రతి జుమ్మా నాడు సరిగ్గా ఒంటిగంటకే పెడతాడు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ఏదో ఒక ఫైలు వెతకమంటాడు. క్రికెట్ మ్యాచ్ ఉన్న మర్నాడు 'మీవాళ్ళు ఓడిపోయిన్రు పాపం' అంటాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

నవాబు! చెరువులకు ఏడో నిజాం పేరూ ఆయన కొడుకు పేరూ ఉన్నంత మాత్రాన వాటి పక్కన పుట్టిన సాయిబులందరూ నవాబుల వారసులయ్యారు. ఈ కుర్రాడి తాత దర్జీ. నాయిన లారీ మీద క్లీనరు. వీళ్ళ ఇంట్లో గుర్రం ఎప్పుడూ లేదు. ఎవరి గుర్రాలకో గడ్డి వేసినవాళ్ళు ఉండొచ్చు.

ఫిర్యాదు చెయ్యాలా వద్దా అని ఆ కుర్రాడు ముగ్గుర్ని అడిగాడు. ఇంట్లో అమ్మీ 'సబర్ కర్ బేటా, నౌకరీ పోతే మళ్ళీ ఎవడిస్తడు?' అంది. పక్క సీటాయన 'ఎందుకొచ్చిన గొడవ, ఊరుకున్నంత ఉత్తమం లేదు' అన్నాడు. మూడో మనిషి అభ్యుదయవాది. పుస్తకాలు చదివినవాడు. 'కంప్లయింట్ ఇయ్యి తమ్మీ, నేను గూడ ఇయ్యమనే అంట. కని మతం సంగతి రాయకు. ఆయన అందర్నీ తిడ్తడు. దాన్ని హిందూ ముస్లిం చెయ్యకు' అన్నాడు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది. ఎక్కువ పేచీ మూడోవాడితో.

ముందు అమ్మీ మాట. ఆమె భయం ఉత్తిది కాదు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూడండి. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం ఉంటే ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. ప్రైవేటు సంగతి? సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక పరిశోధన అచ్చు వేశారు. పేపర్లలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువులున్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రమే మార్చారు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుడి పేరున్న దరఖాస్తుకు పిలుపొచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడో వంతు. ఆ అమ్మీ ఈ లెక్కలు చదవలేదు. అయినా ఆమెకు తెలుసు. ఒక నౌకరీ పోతే ఇంకో నౌకరీకి మన పిల్లలు మూడింతలు తిరగాలని తెలుసు.

కానీ సబర్ అంటే నోరు మూసుకోవడమని మనకు చెప్పిందెవరు? చెడ్డమాట బాహాటంగా పలకడం తగదని చెప్పిన చోటే అన్యాయానికి గురైనవాణ్ణి ఖురాన్ ఆ కట్టడి నుంచి మినహాయించింది. నాలుగో సూరాలో 148వ ఆయత్ తీసి చూడండి. పీడితుడి కేకకు అక్కడ జాగా ఉంది. జాగా లేకుండా చేసింది మన పెద్దలే. జుమ్మా ప్రసంగంలో సబర్ గురించి గంటసేపు చెప్తారు. జీతం ఎగ్గొట్టే సేటు మొదటి వరసలోనే కూర్చుని వింటుంటాడు. అతనికి చెప్పేదేమీ లేదు.

ఇక మూడో మనిషి. అయ్యా, అవమానం మతం పేరుతో వచ్చింది. ఫిర్యాదు మాత్రం మతం లేకుండా పోవాలా? ఆయన అందర్నీ తిడతాడన్నది నిజమే. ఊడ్చే మాదిగామెను ఒక రకంగా తిడతాడు, మహిళా లెక్చరర్‌ను ఇంకో రకంగా, ఈ కుర్రాణ్ణి వేరే రకంగా. ఎవరికి ఎక్కడ తగులుతుందో చూసి కొడతాడు. ఆ తగిలే చోటు పేరు రాయొద్దంటే దెబ్బ సంగతే రాయొద్దన్నట్టు. ముస్లిం తన బాధను మామూలు కార్మికుడి బాధగా రాస్తే మీరు ప్రగతి అంటారు. ముస్లిం బాధగా రాస్తే మతతత్వం అంటారు. మేం రెండూనూ. రెండూ కలిపే రాస్తాం.

పోనీ చట్టం ఏమంటుంది? పని చోట వేధింపు అంతటికీ కలిపి ఈ దేశంలో ఒక చట్టం లేదు. పని చోట మనసును హింసించడం నేరమని ఫ్రాన్స్ 2002లోనే చట్టం చేసుకుంది. పని ప్రపంచంలో హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒడంబడిక చేసింది. మన ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు. మతం పేరుతో వివక్ష కూడదని రాజ్యాంగం 15, 16 అధికరణలు చెప్పేది ముఖ్యంగా రాజ్యానికి. ప్రైవేటు యజమాని తప్పించుకుంటాడు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి పనివాళ్ళున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ముగ్గురు పనిచేసే ఫామ్‌హౌసుకు అది వర్తించదు. కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళకూ దారి ఇరుకే. టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే 'వర్క్‌మన్' కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది.

ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులకు మాత్రం 2013 చట్టం ఉంది. పదిమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ వెయ్యాలి. అంతకన్నా చిన్న చోటయితే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోగా రాసివ్వాలి. ఆ చట్టం ఎవరో దయ తలచి ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే కుమ్మరి ఇంటి ఆడమనిషి ప్రభుత్వ పథకంలో పనిచేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకుంది. అందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. ఆమె ఊరుకోలేదు, ఫిర్యాదు చేసింది. కింది కోర్టు 1995లో నిందితుల్ని వదిలేసింది. ఆమె ఓడిపోయింది. కానీ ఆమె పక్కన మహిళా సంఘాలు నిలబడ్డాయి. సుప్రీంకోర్టుకెళ్ళాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. ఆ తీర్పు మీద 2013 చట్టం వచ్చింది. ఆమెతో పాటు ఇంకెవరూ నిలబడకపోతే అది ఒక ఊళ్ళో ఒకామె ఓడిపోయిన కేసు, అంతే.

నేను చెప్పదలచింది ఇదే. ఫిర్యాదు చెయ్యాలా వద్దా అన్నది దెబ్బ తిన్నవాడి ధైర్యానికి పరీక్ష కాదు. పక్కనున్నవాళ్ళకు పరీక్ష.

ఈ పరీక్ష మనకూ ఉంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా పీజీ మొదటి సంవత్సరం చదువుతున్న లంబాడీ బిడ్డ ఒకామె సీనియర్ వేధిస్తున్నాడని ఇంట్లో చెప్పుకుంది. విషయం కాలేజీ పెద్దల దాకా వెళ్ళింది. ఇద్దర్నీ పిలిచి మాట్లాడి పంపారు. 22వ తేదీన ఆమె స్పృహ తప్పి పడి ఉంది. 26న నిమ్స్‌లో చనిపోయింది. పోలీసులు అరెస్టు చేసిన సీనియర్‌ది ముస్లిం పేరు. నిజం తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ పేరు బయటికి రాగానే కొందరు నాయకులు 'లవ్ జిహాద్' అన్నారు. డ్యూటీ రూములో పెత్తనం సంగతి, గిరిజన బిడ్డ మొర ఎవరూ పట్టించుకోని సంగతి వెనక్కి పోయాయి. ఆ అబద్ధానికి జవాబు చెప్పాలి. చెప్పాం. అయితే అదే గొంతుతో ఆ బిడ్డ కోసం ఎందరం అడిగాం? నిందితుడిది మన పేరయినప్పుడు మొదట ఆ పేరును కాపాడుకోవాలనిపిస్తే 'ఎందుకొచ్చిన గొడవ' అన్న పక్క సీటాయనకూ మనకూ తేడా ఏముంది?

మన ఇళ్ళల్లోనూ బాసులున్నారు. పద్నాలుగు గంటలు పిల్లగాడితో గ్లాసులు కడిగించే హోటల్ సేటు ఉన్నాడు. దూదేకులవాణ్ణి సగం తురకోడని నవ్వే ఖాందానీ సాబ్ ఉన్నాడు. మైనారిటీ కాలేజీ అని బోర్డు పెట్టుకుని, టీచరమ్మ జీతం నెలల తరబడి ఆపి, అడిగితే 'మన కౌమ్ సంస్థనే బద్నాం చేస్తావా?' అని నోరు నొక్కే కరస్పాండెంట్ ఉన్నాడు. కౌమ్ ఇజ్జత్ ఆ టీచరమ్మ జీతంలో లేదా? 30వ అధికరణ సంస్థ నడుపుకునే హక్కు ఇచ్చింది. పనివాళ్ళను తొక్కే హక్కు ఇవ్వలేదు.

కాబట్టి తమ్మీ, చెల్లే, ముందు రాసి పెట్టుకోండి. తేదీ, వేళ, అన్న మాట అన్నట్టుగా, అప్పుడు అక్కడ ఎవరున్నారో. ఫోన్లో వచ్చినవి చెరిపెయ్యకండి. నోటిమాటగా చెప్పొద్దు, కాగితం మీద ఇయ్యండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి, వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. అన్నిటికన్నా ముందు అదే మనిషి చేతిలో నలిగే ఇంకొకరిని వెతకండి. తప్పకుండా ఉంటారు. ఆ ఊడ్చే మాదిగామె ఉంది, ఆ లెక్చరర్ ఉంది. ఆమెకు ఎట్రాసిటీ చట్టం ఉంది, లెక్చరర్‌కు 2013 చట్టం ఉంది, నీకు ఏదీ లేదు. అయినా మూడు సంతకాలున్న కాగితాన్ని చించెయ్యడం ఒక సంతకమున్న కాగితాన్ని చించినంత తేలిక కాదు. ఇంటి పొయ్యి ఆ జీతం మీదే వెలుగుతుంటే, ఈ నెల ఫిర్యాదు ఇవ్వలేకపోతే, నిన్ను పిరికివాడనే హక్కు ఎవరికీ లేదు. రాయడం మాత్రం ఆపకు.

అభ్యుదయ మిత్రులారా, మీతో చివరి మాట. మా కుర్రాడికి ధైర్యం నూరిపోయడానికి రాకండి. ఏం రాయాలో, ఏం రాయకూడదో చెప్పడానికీ రాకండి. 'గుర్రం దొరకలేదా నవాబ్ సాబ్' అన్నప్పుడు ఆ గదిలో మీరున్నారు. కొందరు నవ్వారు, కొందరు కాగితాల్లోకి తల దించుకున్నారు. విన్నది విన్నట్టు చెప్పండి. ఫిర్యాదు కాగితం కింద ఎడమపక్క సాక్షుల కోసం జాగా వదిలిపెట్టాం. అక్కడ సంతకం పెట్టండి.