ఎండయు పంటయు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలోను, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలోను వానకు కరవుగాని యెండకు కరవు లేదు. ఏ యెండ పైరులను మాడ్చి పాలమూరు జనులను వలసలకు తఱిమెనో, ఆ యెండయే నేడు విద్యుచ్ఛక్తియై ధనము తేగలదు.

2025 మే 19వ తేదీన అమ్రాబాదు మండలమందలి మాచారములో రాష్ట్రప్రభుత్వము ‘ఇందిర సౌర గిరి జల వికాసము’ నారంభించి, గిరిజనుల పోడుపట్టా భూములకు సౌర పంపుసెట్లు నిచ్చుటకు పూనినది. మంచిపనియే. కాని నీరు తోడుటతో నాగరాదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుం పథకము ననుసరించి రైతు తన నేలలో విద్యుత్తు నుత్పత్తిచేసి యమ్ముకొనవచ్చును. సాగుభూమియైనచో పలకలను ఎత్తైన కంబములపై నిలిపి క్రింద పైరు పెట్టవచ్చును.

ఇందు చిక్కులు లేకపోలేదు. ఎత్తు కంబములకు వ్యయ మధికము. పత్తికి, వేరుసెనగకు నిండు టెండ కావలయును; ఆకుకూరలు కొంత నీడ నోర్చుకొనును. జోధపురపు పరిశోధనాలయమువారు తమ యెడారినేలలో పరీక్షించినట్లే, మన యెఱ్ఱనేలలలోను పరీక్షలు జరుగవలయును.

అన్నిటికంటె ముఖ్యమైనది యాజమాన్యము. ఒక్క మెగావాటుకు సుమారు నాలుగైదెకరములు పట్టును. ఆ నేలను పరుల కప్పగించి కంచె వేసినచో భూస్వామికి అద్దె వచ్చును. కౌలుదారునకును కూలికిని పని పోవును. వలస మరల మొదలగును. కావున చిన్నరైతులు సంఘములుగా గూడవలయును. ప్రభుత్వము వారికి తక్కువ వడ్డీకి ఋణ మొసగవలయును. పైనున్న వెలుగును, క్రిందనున్న పైరును, రెండును దున్నువానివే కావలయును.