మన రాష్ట్ర ప్రభుత్వమును మనము ఎరుగుదుమా?

మన సంఘ సభ్యులలో ఒకరు, చిల్లర దుకాణము నడుపుకొనువారు, తమ కుమారుని ఇంజనీరింగు చదువునకు దరఖాస్తు పెట్టించు సందర్భమున మా అంగడికి వచ్చి, “శెట్టిగారూ, 371 జె సర్టిఫికెట్టు అని ఏదో అడుగుచున్నారు, అది మనకు వచ్చునా?” అని ప్రశ్నించిరి. “అది కన్నడిగుల కొరకు ఏర్పడినది, మనకు వర్తింపదు” అని మేము తడుముకొనక చెప్పితిమి. సంఘాధ్యక్షుని మాట గదా యని వారు నమ్మిరి. ఆ కుర్రవానికి ఈ ప్రాంతపు కళాశాలలో సీటు రాలేదు. వాని కంటె తక్కువ మార్కులు వచ్చిన పొరుగింటి బాలునికి వచ్చినది. అప్పుడు గాని మేము చట్టమును తెప్పించి చదువలేదు.

రాజ్యాంగములోని 371 జె అధికరణము 2012 నాటి 98వ సవరణచే చేరి, 2013లో అమలులోనికి వచ్చినది. హైదరాబాదు-కర్ణాటక ప్రాంతపు జిల్లాలతోపాటు మన బళ్లారి జిల్లాయు దానిలో చేరినది. ఆ ప్రాంతపు విద్యాసంస్థలలోను, ఉద్యోగములలోను కొంత భాగము “జన్మచేత గాని నివాసముచేత గాని” ఆ ప్రాంతమునకు చెందినవారికి ప్రత్యేకింపవచ్చునని అందు గలదు. మాతృభాష ప్రసక్తి ఎక్కడను లేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు పోగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆనాటికే ఇచట వ్యాపారము చేయుచుండిన మన తాతల మనుమలకు ఈ హక్కు లేకుండుట ఎట్లు? అసిస్టెంటు కమీషనరు కార్యాలయమునకు పోయి దరఖాస్తు పెట్టుటయే కావలసియుండినది. మా అజ్ఞానము ఒక బాలుని సీటును హరించినది. ఈ మాట ఈ పత్రికలో వ్రాయుటకు సిగ్గుపడుచునే వ్రాయుచున్నాము.

విచిత్రమేమనగా, మనవారు ప్రభుత్వమును బొత్తిగా ఎరుగనివారు కారు. తూకపురాళ్ళకు ముద్ర ఎప్పుడు వేయించవలెనో, జి.ఎస్.టి. లెక్క ఏ తేదీకి పంపవలెనో, ట్రేడు లైసెన్సు ఏ బల్లవద్ద పునరుద్ధరించుకొనవలెనో, నిద్రలో లేపి అడిగినను చెప్పుదురు. తప్పినచో జరిమానా పడునని ఎరుగుదురు గనుక! జరిమానా పడని విషయములలో మాత్రము ప్రభుత్వమనగా శాసనసభ్యుని ఇల్లు, కలెక్టరు కారు, అంతే. పోలీసు, భూమి, ప్రజారోగ్యము, స్థానిక సంస్థలు రాష్ట్రపు జాబితాలోనివనియు, విద్య 1976 సవరణతో ఉమ్మడి జాబితాకు మారినదనియు తెలిసినవారు మన కార్యవర్గములోనే ముగ్గురో నలుగురో.

విధానపరిషత్తు సంగతి చూడుడు. కర్ణాటకమున శాసనసభకు 224 స్థానములు, పరిషత్తునకు 75. ఆ 75లో ఏడింటికి పట్టభద్రులును, ఏడింటికి ఉపాధ్యాయులును ఎన్నుకొందురు. పట్టా పుచ్చుకొని మూడేండ్లయి, ఈ నియోజకవర్గమున కాపురమున్నవాడు ఓటరగును. పట్టా అనంతపురములో పుచ్చుకొన్నను సరియే, దేశమునందలి విశ్వవిద్యాలయమైన చాలును. అయితే సాధారణ ఓటర్ల జాబితాలో పేరున్నంత మాత్రమున చాలదు. ఈ జాబితా ప్రతిసారి క్రొత్తగా తయారగును, మరల దరఖాస్తు పెట్టవలెను. మన పట్టభద్రులలో ఎందరు పెట్టినారు? మా ఇంటిలోనే ఇద్దరు పెట్టలేదు.

అర్జీల విషయము ఇంకను చిత్రము. 350వ అధికరణము ప్రకారము, బాధ నివారణకై అధికారులకు పెట్టుకొను విజ్ఞాపనమును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను వ్రాయవచ్చును. తెలుగులో వ్రాసిన అర్జీని భాష కారణముగా త్రోసిపుచ్చుట తగదు. కాని 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పెట్టు దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికారభాషలో ఉండవలెను. అనగా మనకు కన్నడమున వ్రాయుట మేలు. రుసుము పది రూపాయలు, జవాబునకు గడువు 30 దినములు. కర్ణాటక నియమముల ప్రకారము ఒక దరఖాస్తులో ఒకే విషయముండవలెను, సాధారణముగా 150 మాటలు మించరాదు. మనవారి అర్జీలలో “మహారాజశ్రీ” తో ఆరంభమైన మర్యాదలకే నూట యేబది మాటలు చెల్లిపోవును. ఒక తెలుగు పాఠశాలకు ఉపాధ్యాయుని కోరుచు మనము పంపిన కాగితము పురపాలక సంఘమునకు పోయి, అచటనుండి మరియొక కచేరీకి పోయి, పదునాలుగు నెలలకు “మాకు సంబంధము లేదు” అను రెండు ముక్కలతో తిరిగి వచ్చినది. దోషము కచేరీది కొంత. తప్పు తలుపు తట్టిన మనది అంతకంటె హెచ్చు.

కావున రాష్ట్ర ప్రభుత్వమును గూర్చి తెలుగున ఒక చిన్న పుస్తకము సంఘము తరఫున వెలువడవలెనని మా అభిప్రాయము. ఏ శాఖ ఏ పని చేయును, ఎవరికి వ్రాయవలెను, గడువెంత, గడువు దాటినచో పైయధికారి యెవరు అనునవి అందుండవలెను. ప్రభుత్వమువారి కరపత్రములు చాలవా యని కొందరందురు. వానిలో పథకము పేరు, మంత్రిగారి చిత్తరువు పెద్దవిగ నుండును. పథకము అందనప్పుడు ఎవరిని నిలదీయవలెనో చెప్పు పంక్తి మాత్రము వెదకినను దొరకదు.

ముద్రణ ఖర్చు తాము భరింతుమని, అట్టపై తమ నాయకుని ఛాయాచిత్రము వేసిన చాలునని ఒక పక్షమువారు కబురు పంపినారు. కార్యవర్గములో కొందరు సంతోషించిరి కూడ. మేము ఒప్పుకొనము. ఆ నాయకుడే రేపు మంత్రియైనచో ఆయన శాఖపై ఫిర్యాదు చేయు విధానమును అదే పుస్తకములో ఏ ముఖముతో వ్రాయుదుము? స్వతంత్రముగా ఇట్టి పని చేయువారు దేశమున లేకపోలేదు. 1999లో అహమ్మదాబాదు ఆచార్యులు కొందరు స్థాపించిన అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ వేసిన వ్యాజ్యము వలననే, 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో, అభ్యర్థుల నేరచరిత్రయు ఆస్తులును ఓటరుకు తెలియు మార్గమేర్పడినది. ఢిల్లీలో 2005 నుండి పనిచేయు పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రిసర్చ్ పార్లమెంటు బిల్లులనే గాక రాష్ట్ర శాసనసభల పనిని కూడ వివరించి ప్రకటించుచున్నది. అయితే ఆ వ్రాత ప్రధానముగా ఇంగ్లీషున సాగును. మన దుకాణదారునకు, మన గృహిణికి అది అందదు.

కల్యాణమండపమునకు పాలరాతి నేల పరచుటకై కూడబెట్టిన సొమ్ములో కొంత దీనికి మళ్ళించవలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున మేము ప్రతిపాదింతుము. నేల ఒక ఏడు ఆగినచో పెండ్లిండ్లు ఆగవు. పెద్దలు కొందరు కోపింతురని ఎరుగుదుము. ఆ నిధికి మొదటి చందా ఇచ్చినవారిలో మేమును ఒకరము.

డబ్బు కంటె కష్టమైనది పని. ప్రభుత్వోత్తరువులు కన్నడమున వెలువడును, ఏటేట మారును. వానిని చదివి, తప్పులేకుండ తెలుగుచేసి, ప్రతి సంవత్సరము సరిచూడవలెను. కన్నడ పాఠశాలలలో చదివిన మన పిల్లలు దీనికి మనకంటె సమర్థులు. అట్టి యువతీయువకులు సంఘ కార్యాలయమున సాయంకాలము ఆరు నుండి ఎనిమిది గంటల వరకు తమ పేర్లు వ్రాయించగోరెదము. సీటు పోగొట్టుకొన్న ఆ కుర్రవాడు నిన్ననే వచ్చి తన పేరు మొదట వ్రాయించినాడు.