కొత్త పార్టు వేశాక కంప్యూటరు ఆగిపోతుంటే...



లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం వంటి చోట్ల కంప్యూటరు మీద బ్రతికే కుటుంబాలు నేడు ఎన్నో ఉన్నాయి. జిరాక్సు, ఫోటోలు, పెళ్లి వీడియోలు, పిల్లల పరీక్షల దరఖాస్తులు వారి జీవనాధారము. అలాంటి ఇంట పాత కంప్యూటరుకు కొత్త గ్రాఫిక్స్ కార్డునో, పెద్ద ప్రాసెసరునో వేయిస్తారు. చలికాలమంతా అది బాగానే నడుస్తుంది. ఎండలు ముదిరేసరికి పని మధ్యలో తటాలున ఆగిపోతుంది. కొత్త పార్టే చెడ్డదని దానిని మార్చి, మరొకటి కొని, అప్పులపాలయ్యే వారున్నారు. అందుకే ఈ నెల ఈ సంగతి వివరిస్తున్నాము. పార్టును అనుమానించక ముందు, వేడి బయటికి పోయే దారిని చూడాలి.

వేడి ఎక్కడిది?

కంప్యూటరు తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 1993లో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసరుకు సుమారు 15 వాట్లు సరిపోయేవి. 2004 నాటి పెంటియం 4 రకాలలో కొన్నింటికి 115 వాట్లు కావలసి వచ్చింది. గ్రాఫిక్స్ కార్డులలో జీటీఎక్స్ 1650కి 75 వాట్లు, 1660 సూపర్‌కు 125 వాట్లు కావాలి. అంటే పాత డబ్బాలో మరొక పెద్ద బల్బు వెలిగించి మూత వేసినట్లే. డబ్బా అదే, ఫ్యానూ అదే.

గోదావరికి ఆవల రామగుండంలోని 2600 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని చూడండి. కరెంటు పుట్టించాలంటే బొగ్గు ఒక్కటే చాలదు, వేడిని మోసుకుపోవడానికి నీరు కూడా కావాలి. మన కంప్యూటరుకు ఆ పని చేసేది గాలి. ఆ గాలే వేడిగా ఉంటే ఎలా?

ఉదాహరణకు, జనవరిలో గది 22 డిగ్రీలు, ప్రాసెసరు 70 డిగ్రీలు ఉందనుకోండి. తేడా 48. అదే పని చేస్తే మే నెలలోనూ ఆ తేడా ఇంచుమించు అంతే ఉంటుంది. రేకుల గదిలో 44 డిగ్రీలుంటే ప్రాసెసరు 92కు చేరుతుంది. కొత్త కార్డు డబ్బాలోని గాలిని మరో 8 డిగ్రీలు వేడి చేస్తే 100 అవుతుంది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల ప్రాంతంలో వేగము తగ్గించుకుంటాయి. ఇంకా పెరిగితే కాలిపోకుండా తమంతట తామే ఆగిపోతాయి. కనుక ఆగిపోవడం ఒక్కోసారి యంత్రము తనను కాపాడుకోవడమే.

ఆగే తీరును గమనించండి

పది, ఇరవై నిమిషాలు బరువైన పని చేసిన తరువాత ఆగితే, వెంటనే మళ్లీ వేస్తే త్వరగా ఆగితే, అది చాలావరకు వేడి. వీడియో పని మొదలుపెట్టిన క్షణమే ఆగితే ఎస్ఎంపీఎస్ చాలడం లేదేమో చూడాలి. దాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చదవండి. 16 ఆంపియర్లుంటే 12 × 16, అంటే 192 వాట్లే. కరెంటు పోయినప్పుడే ఆగితే యూపీఎస్‌ను చూడాలి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. బ్యాటరీ పాతదైతే అదీ మోయదు.

ఖర్చు లేని ఒక పరీక్ష ఉన్నది. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, డబ్బా పక్క రేకు విప్పండి. తరువాత ఎదుట టేబుల్ ఫ్యాను పెట్టి అదే పని చేయించండి. లోపల చేయి పెట్టవద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వద్దు. ఇప్పుడు ఆగకపోతే కారణము వేడే అనుకోవచ్చు.

తరువాత ఏమి చేయాలి?

1. ప్లగ్గు తీసి, డబ్బాను ఆరుబయటికి తెచ్చి, మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయండి. పత్తి నూగు, పొయ్యి పొగ రెక్కల మధ్య పేరుకుంటాయి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో కరెంటు నిలువ ఉంటుంది.

2. ప్రాసెసరు మార్చినప్పుడు దాని ఫ్యాను నాలుగు మూలలా సరిగా బిగిసిందా? ఒక్క మూల లేచినా వేడి దిగదు. పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టారా? కొత్త కూలరు అడుగున ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయిందా? మెకానిక్కును అడిగి చూపించుకోండి.

3. కొత్త వైరు ఏదైనా ఫ్యానుకు అడ్డుపడుతున్నదేమో చూడండి. వెనుక ఫ్యాను గాలిని బయటికి నెట్టాలి.

4. డబ్బాను బీరువాలో దూర్చవద్దు. గోడకు జానెడు దూరముంచండి. అందమైన కుట్టుపని గుడ్డ కప్పుతారు కదా, నడిచేటప్పుడు దానిని తీసేయండి. నీటి కూలరు తడిగాలి సూటిగా దాని మీదికి పోనివ్వద్దు.

5. హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే ఉచిత ప్రోగ్రాము లోపలి వేడిని అంకెలలో చూపిస్తుంది. మధ్యాహ్నము పని చేస్తుండగా చూసి, కాగితము మీద రాసుకోండి. బాగు చేసేవారికి ఆ కాగితము ఎంతో ఉపయోగము.

ఇవన్నీ చూసిన తరువాతనే డబ్బు ఖర్చు పెట్టండి. చాలాసార్లు కావలసినది ఒక డబ్బా ఫ్యాను, కొంచెము పేస్టు మాత్రమే. ఎస్ఎంపీఎస్ బలహీనమని తేలితే మాత్రం వెనుకాడవద్దు, మంచిదే కొనండి.

కారణము తెలిసేంతవరకు బరువైన పనులను తెల్లవారుజామున పెట్టుకోండి. సంఘపు బాప్తిస్మ రిజిస్టరైనా, పొరుగువారి పెళ్లి ఫోటోలైనా మరొక చోట నకలు ఉంచండి. హఠాత్తుగా ఆగితే రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. కంప్యూటరు మళ్లీ కొనుక్కోవచ్చు గాని, ఒకరు నమ్మి మన చేతికిచ్చిన జ్ఞాపకాలను మళ్లీ కొని ఇవ్వలేము.